కంట్రోల్ రూమ్ చూసిన ప్రొఫెసరు కావాలి

ఈఏపీసెట్ కౌన్సెలింగ్ మొదలైందంటే మా అపార్ట్‌మెంట్‌లో నాకు గిరాకీ పెరుగుతుంది. పిల్లల ర్యాంకు ఏదైనా తల్లిదండ్రుల ప్రశ్న ఒకటే: "సీఎస్ఈ సైబర్ సెక్యూరిటీలో సీటు దొరికేలా ఉందండీ, ఆప్షన్ పెట్టేయమంటారా?" అంతకుముందు ఇదే ప్రశ్న డేటా సైన్స్ గురించి అడిగేవారు. 2025 అక్టోబరులో గూగుల్ వాళ్లు విశాఖలో అయిదేళ్లలో 1500 కోట్ల డాలర్లతో ఏఐ హబ్ పెడతామని ప్రకటించాక ఈ బ్రాంచికి ఇంకా ఊపొచ్చింది. డేటా సెంటర్ వస్తే దానికి కాపలా కావాలి, కాపలా అంటే సైబర్ సెక్యూరిటీ అని వాళ్ల లెక్క. ఆ లెక్కను నేను కాదనను. "ఆ కాలేజీలో ఆ సబ్జెక్టు ఎవరు చెబుతున్నారో కనుక్కున్నారా?" అని మాత్రం అడుగుతాను. ఫీజెంత, ప్లేస్‌మెంట్లెన్ని, కాలేజీ బస్సు మద్దిలపాలెం మీదుగా వస్తుందా లేదా అన్నవి కనుక్కుని ఉంటారు. చెప్పేవాళ్లెవరన్నది ఇంతవరకూ ఎవరూ కనుక్కోలేదు.

నేను గాజువాక వైపు ఒక ఫ్యాక్టరీలో ఇన్‌స్ట్రుమెంటేషన్ విభాగంలో పనిచేసి రిటైరైనవాణ్ని. ఇక్కడే ఒక ఇంజనీరింగ్ కాలేజీ వాళ్లు, సిలబస్ ఖరారు చేసే బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో నన్ను 'ఇండస్ట్రీ మెంబరు'గా వేసుకున్నారు. ఆ పదవికి ఉన్న బాధ్యతలు జీడిపప్పు తినడం, టీ తాగడం, సంతకం పెట్టడం. సైబర్ సెక్యూరిటీ సిలబస్ బల్ల మీదికి వచ్చిన రోజు మాత్రం కాస్త నోరు విప్పాను. క్రిప్టోగ్రఫీ, నెట్‌వర్క్ సెక్యూరిటీ, ఎథికల్ హ్యాకింగ్, డిజిటల్ ఫోరెన్సిక్స్, సైబర్ చట్టాలు అన్నీ ఉన్నాయి. కాగితం మీద ఏ లోటూ లేదు. "మరి పీఎల్‌సీల మీద ఒక్క యూనిట్ కూడా పెట్టలేదేం?" అన్నాను. పీఎల్‌సీ అంటే ఫ్యాక్టరీలో యంత్రాలకు ఆదేశాలిచ్చే చిన్న కంప్యూటర్. హెచ్‌వోడీ గారు మర్యాదగానే జవాబిచ్చారు: "సార్, అది ఈఈఈ (ఎలక్ట్రికల్) వాళ్లదండీ."

అప్పట్నుంచి ఆ మాట నన్ను వదల్లేదు. సైబర్ సెక్యూరిటీ ఏ డిపార్ట్‌మెంటుదో తేల్చేది సిలబస్ కమిటీ కాదని, డిపార్ట్‌మెంట్ల మధ్య గోడల్ని పడగొట్టగల స్థాయిలో కూర్చున్న మనిషని నాకు అనిపిస్తుంది. అందుకే మన విశ్వవిద్యాలయాలకు ఎలాంటి డీన్, ఎలాంటి వీసీ వస్తారన్నది ఈ ఊరి భద్రతకు సంబంధించిన విషయం అంటున్నాను. ఇది అతిగా కనబడొచ్చు. కాస్త ఓపిక పట్టి చదవండి.

ముందు ఒక మనిషి కథ. 1988 నవంబరు 2న కార్నెల్ విశ్వవిద్యాలయం విద్యార్థి రాబర్ట్ మోరిస్ రాసిన ఒక ప్రోగ్రాం ఇంటర్నెట్‌లోకి పాకింది. అప్పట్లో ఇంటర్నెట్ మొత్తం మీద ఉన్నవి సుమారు అరవై వేల కంప్యూటర్లని, వాటిలో పదో వంతు దాకా దానివల్ల పడకేశాయని ఒక అంచనా. ఇండియానా రాష్ట్రంలోని పెర్డ్యూ విశ్వవిద్యాలయంలో యూజీన్ స్పాఫర్డ్ అనే యువ అధ్యాపకుడు ఉద్యోగంలో చేరి అప్పటికి ఏడాదే అయింది. ఆయన పీహెచ్‌డీ చేసింది డిస్ట్రిబ్యూటెడ్ ఆపరేటింగ్ సిస్టమ్స్ మీద. సెక్యూరిటీ అంటే అప్పటికింకా మిలిటరీ వాళ్ల వ్యవహారం, లేదంటే గణితం తెలిసినవాళ్ల గూఢలిపి. ఇలా తనంతట తానే పాకే ప్రోగ్రాంను వార్మ్ అంటారు. స్పాఫర్డ్ ఆ వార్మ్‌ను విప్పి, అది ఎలా పాకింది, ఏ లోపాలను వాడుకుంది అన్నది ఆ నెల తిరక్కుండానే రిపోర్టుగా రాసి అందరి ముందూ పెట్టాడు.

ఇక్కడితో ఆగి ఉంటే ఒక మంచి పేపర్ రాసిన ప్రొఫెసరుగా మిగిలేవాడు. 1992లో కోస్ట్ అనే ల్యాబ్ పెట్టాడు. అక్కడి విద్యార్థుల చేత పేపర్లు రాయించడంతో సరిపెట్టకుండా పనికొచ్చే పరికరాలు చేయించాడు. కంప్యూటర్‌లోని ఫైళ్లను మనకు తెలియకుండా ఎవరైనా మార్చారేమో కనిపెట్టే ట్రిప్‌వైర్ ఆయన విద్యార్థి జీన్ కిమ్‌తో కలిసి చేసినదే. ఆ ల్యాబే 1998లో సీరియస్ (CERIAS) అనే పెద్ద కేంద్రంగా మారింది. కంప్యూటర్ సైన్సుతో పాటు వేరే విభాగాల అధ్యాపకులు కూడా అందులో ఉండేలా దాన్ని కట్టారు. మనిషి మోసపోవడం, కంపెనీ లెక్కలేసుకోవడం, చట్టం అడ్డుపడడం కూడా సెక్యూరిటీలో భాగమేనని అప్పుడే గుర్తించారన్నమాట. మా హెచ్‌వోడీ గారికి చెప్పాలనుకున్నది ఇదే. చెప్పలేదనుకోండి, సమోసాలు వచ్చేశాయి.

1997లో స్పాఫర్డ్ అమెరికా చట్టసభ కమిటీ ముందుకు వెళ్లి, దేశంలో ఈ విషయం చదివి పీహెచ్‌డీతో బయటికొస్తున్నవాళ్లు బొత్తిగా లేరని, ఇలాగైతే రేపు నేర్పేవాళ్లే ఉండరని చెప్పాడు. ఆయన ఒక్కడి వల్లే అయిందని అనను. కానీ ఆ తర్వాత రెండేళ్లకు, 1999లో, ఈ చదువుకు ప్రమాణాలు పెట్టి మొదటి విడతలో ఏడు విశ్వవిద్యాలయాలను జాతీయ కేంద్రాలుగా గుర్తించారు. ఆ వెనకే స్కాలర్‌షిప్ పథకం వచ్చింది. విద్యార్థి ఫీజు ప్రభుత్వం కడుతుంది, స్టైపెండ్ ఇస్తుంది, స్కాలర్‌షిప్ ఎంతకాలం తీసుకున్నాడో అంతకాలం ప్రభుత్వంలో పనిచేయాలి. సమాచార భద్రత చదువు, అవగాహన కోసం మన దగ్గర 2005లో మొదలైన ఐఎస్ఈఏ ప్రాజెక్టు ఇలాంటి ఆలోచనే. దాని కింద అవగాహన పోస్టర్లు, వర్క్‌షాపులు బాగానే జరిగాయి. ల్యాబులు నిలబెట్టే మనుషులు ఉన్నచోట ఫలితమూ వచ్చింది.

ఆ ఏడింటిలో ఒకటి ఐడహో స్టేట్ విశ్వవిద్యాలయం. అది ఉన్న ఊరు పొకటెల్లో. మన గాజువాక పక్కన పెట్టినా చిన్నదిగా కనబడే ఊరు. అక్కడ కోరీ షౌ అనే ప్రొఫెసరు ఏళ్ల తరబడి పాతుకుపోయి, ప్రభుత్వంలో సెక్యూరిటీ పనిచేసేవాళ్లకు ఏం నేర్పాలో పాఠ్యప్రణాళిక తయారుచేశారు. "అమెరికాకు డబ్బుంది, మనకెక్కడిదండీ" అని ఎవరైనా అన్నప్పుడు నేను పొకటెల్లో పేరు చెబుతాను. అమెరికాలోనూ డబ్బంతా పెద్ద ఊళ్లకే పోతుంది. పొకటెల్లోకు దక్కింది మాత్రం కదలకుండా కూర్చున్న ఒక మనిషి.

మన దేశంలోనూ గాలి మారుతోంది. 2022 నుంచి ఐఐటీ మద్రాస్ డైరెక్టరుగా ఉన్న కామకోటి గారు 'శక్తి' ప్రాసెసర్ల పని నడిపించినవారు, కంప్యూటర్ భద్రత తెలిసినవారు. 2024లో ఐఐటీ కాన్పూర్ పగ్గాలు పట్టిన మణీంద్ర అగర్వాల్ గారిని ప్రధాన సంఖ్యల లెక్కతో లోకమంతా గుర్తుపడుతుంది కానీ, అక్కడి సీ3ఐ సైబర్ సెక్యూరిటీ కేంద్రాన్ని నిలబెట్టినవారిలో ఆయనొకరు. ఆయనతో కలిసి ఆ కేంద్రాన్ని నడిపిన సందీప్ శుక్లా గారు 2025లో ట్రిపుల్ఐటీ హైదరాబాద్ డైరెక్టరయ్యారు. కాన్పూర్‌లో వాళ్లు చేసిన పనుల్లో నాకు బాగా నచ్చింది టెస్ట్‌బెడ్లు. విద్యుత్ పంపిణీ, నీటిశుద్ధి ప్లాంటు లాంటివాటి చిన్న నమూనాలను నిజమైన కంట్రోలర్లతో కట్టి, వాటి మీద దాడి చేసి చూస్తారు, కాపాడి చూస్తారు. ఇన్‌స్ట్రుమెంటేషన్ వాడిగా నాకు కడుపు నిండిపోయే విషయం అది. పదవులు ఎవరికైనా వస్తాయి. పదవి రాకముందు వీళ్లు చేత్తో ఏదో ఒకటి కట్టారు, అదే నేను చూసేది.

ఇప్పుడు మన ఊరి సంగతి. విశాఖ అంటే ఐటీ వాళ్లకు రుషికొండ కొండలు, మధురవాడ. నాలాంటివాళ్లకు విశాఖ అంటే కంట్రోల్ రూములు. స్టీల్ ప్లాంటు, రిఫైనరీ, పోర్టు, షిప్‌యార్డు, పరవాడ వైపు ఫార్మా, సింహాద్రి థర్మల్, ఇటు నేవీ. వీటన్నిట్లోనూ వాల్వు ఎప్పుడు తెరవాలి, మోటారు ఎప్పుడు ఆపాలి అని చెప్పేది పీఎల్‌సీ అనే చిన్న పెట్టె. ఆ పెట్టెలు ఇప్పటికీ మాట్లాడుకునే భాషల్లో మోడ్‌బస్ ఒకటి. 1979లో పుట్టింది. ఆదేశం వస్తే పాటించడమే దానికి తెలుసు, "నువ్వెవరు?" అని అడిగే అలవాటు లేదు. అప్పట్లో అడగాల్సిన అవసరమూ లేదు, తీగ ప్లాంటు గోడ దాటేది కాదు. ఇప్పుడు మేనేజరు గారికి ప్రొడక్షన్ లెక్కలు ఫోన్‌లో కావాలి కాబట్టి తీగ గోడ దాటింది.

ఇక్కడే కంప్యూటర్ సైన్సు చదువు, ప్లాంటు బతుకు రెండూ ఢీకొంటాయి. సెక్యూరిటీ పుస్తకం మొదటి పేజీలోనే అప్‌డేట్ రాగానే వేసుకోమంటుంది. స్టీల్ ప్లాంటులో గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని బ్లాస్ట్ ఫర్నేసులున్నాయి. విండోస్ అప్‌డేట్ వచ్చిందని అన్నపూర్ణను ఆపుతారా? ఆపరు. ఆపకూడదు కూడా. పాస్‌వర్డ్ మూడుసార్లు తప్పుకొడితే అకౌంట్ లాక్ చేయమంటారు. ప్రెషర్ పెరుగుతున్నప్పుడు ఆపరేటర్ చేతులు వణికి మూడుసార్లు తప్పుకొడితే ఏమవుతుందో ఒక్కసారి ఊహించండి. ప్లాంటులో సెక్యూరిటీ అంటే ముందు మనుషుల ప్రాణం, తర్వాత యంత్రం నడవడం, ఆ తర్వాతే రహస్యాలు. ఆఫీసు కంప్యూటర్లలో ఈ వరస దాదాపు తలకిందులు. రెండో వరసే నేర్చుకుని వచ్చిన కుర్రాణ్ని మొదటి చోట కూర్చోబెడితే, ఉద్దేశం మంచిదైనా ప్రమాదమే తెస్తాడు.

భయపెట్టడానికి చెబుతున్నానని అనుకోవద్దు. 2010లో బయటపడ్డ స్టక్స్‌నెట్ అనే వార్మ్ ఇరాన్‌లోని నతాంజ్‌లో పీఎల్‌సీల ద్వారానే యంత్రాలను పాడుచేసింది. 2017 జూన్‌లో నాట్‌పెట్యా అనే సైబర్ దాడి వచ్చినప్పుడు ముంబయి పక్కన జవహర్‌లాల్ నెహ్రూ పోర్టులో ఒక టెర్మినల్ పని ఆగిపోయింది. నిజానికి దాడి గురి మన దేశమే కాదు. ఆ టెర్మినల్ నడిపే కంపెనీ నెట్‌వర్క్ ఎక్కడో యూరప్‌లో మునిగితే ఇక్కడ లారీలు బారులు తీరాయి. అదుపు తప్పితే ఏమవుతుందన్నది విశాఖకు ఎవరూ చెప్పక్కర్లేదు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్ఆర్ వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ నుంచి విషవాయువు లీకై ఏం జరిగిందో చూశాం. అది సైబర్ దాడి కాదు. ట్యాంకులో ఉష్ణోగ్రత అదుపు తప్పడమే. అదుపు తప్పించినది నిర్లక్ష్యమైనా, వైరస్ అయినా, ఊరి మీదికి వచ్చే పొగలో తేడా ఉండదు.

అందుకే విశాఖలో సైబర్ సెక్యూరిటీ బ్రాంచి పెట్టి, బెంగళూరు సిలబస్ తెచ్చి, హ్యాకింగ్ నేర్పడానికి వాడే కాలీ లైనక్స్ ల్యాబ్‌తో సరిపెడితే నాకు ఒళ్లు మండుతుంది. ఈ ఊరికి ఉన్న ప్రత్యేకత పక్కనే పెట్టుకుని ఎక్కడైనా దొరికే సర్టిఫికెట్ ఇవ్వడం ఏమిటి?

ఈ ఊరు ఒకప్పుడు ఇలా లేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో బెజవాడలో మొదలై 1930లో వాల్తేరుకు వచ్చింది. కట్టమంచి రామలింగారెడ్డి గారి తర్వాత 1931లో వీసీగా వచ్చిన రాధాకృష్ణన్ గారు చేసిన ముఖ్యమైన పని మనుషుల్ని ఏరి తేవడం. భగవంతం గారు, శేషాద్రి గారు, హీరేన్ ముఖర్జీ, హుమాయూన్ కబీర్ లాంటివాళ్లు పనిచేసిన చోటిది. నాకు ఇంకా ఇష్టమైన కథ 1952 నాటిది. అమెరికా సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ విజిటింగ్ ప్రొఫెసరుగా వాల్తేరు వచ్చారు. అప్పుడు జియాలజీ చూస్తున్నది సి. మహదేవన్ గారు, సి.వి. రామన్ దగ్గర పనిచేసి వచ్చిన మనిషి. ఎదురుగా బంగాళాఖాతం ఉంది, రేవులో నేవీ ఓడలున్నాయి. ఓడలు అడిగి తీసుకున్నారు, విద్యార్థులను ఎక్కించారు, సముద్రాన్ని కొలిచారు. సముద్ర గర్భంలో కనబడిన లోయల్లో ఒకదానికి ఆంధ్ర అని, ఒకదానికి మహదేవన్ అని పేర్లు పెట్టారు. సముద్ర శాస్త్రం అలా ఇక్కడ పాదుకుంది. లాఫాండ్ వెళ్లిపోయాక కూడా అది నిలబడిందంటే, ఇక్కడ ఉండిపోయినవాళ్లు పట్టుకుని ఉండబట్టే.

అప్పుడు జియాలజీ హెడ్డు గారు "ఓడలు నేవీ వాళ్లవండీ, మన డిపార్ట్‌మెంటువి కావు" అని ఊరుకుని ఉంటే?

కట్టడానికి కాలం కావాలి. స్పాఫర్డ్ 1987లో చేరిన విశ్వవిద్యాలయంలోనే దశాబ్దాలు ఉన్నాడు. మన రాష్ట్రంలో 1991 చట్టం ప్రకారం వీసీ పదవి మూడేళ్లు. మొదటి ఏడాది ఫైళ్లు అర్థం చేసుకోవడానికి, రెండో ఏడాది గ్రేడు ఇవ్వడానికి వచ్చే న్యాక్ బృందం కోసం గోడలకు రంగులు వేయించడానికి, మూడో ఏడాది తర్వాత ఎవరొస్తారన్న ఊహాగానాలకు సరిపోతుంది. ఆ మధ్యలో ఇన్‌ఛార్జి వీసీలు. ఈ లెక్కన పరిశోధన కేంద్రం పుట్టడం మాట అటుంచి, దానికి గది కేటాయించే ఫైలు కూడా కదలదు. కాబట్టి వీసీ మీద ఆశలన్నీ పెట్టుకోకుండా, వీసీ మారినా మారని ఒక కేంద్రం డైరెక్టరును, పదేళ్లయినా ఉండేలా, నియమించుకునే వీలుండాలి. అది రూల్సు మార్చాల్సిన పని అయితే మార్చాలి.

"అలాంటివాళ్లు ఈ జీతాలకు వస్తారా?" అంటారు. ఇది న్యాయమైన అభ్యంతరమే. పదేళ్ల అనుభవమున్న సెక్యూరిటీ ఇంజనీరుకు బయట వచ్చేదాని పక్కన మన ప్రైవేటు కాలేజీల అసిస్టెంట్ ప్రొఫెసరు జీతం పెట్టి చూడలేం. కానీ యూజీసీ 2022లో 'ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్' అని ఒక దారి తెరిచింది. పదిహేనేళ్ల అనుభవం ఉంటే పీహెచ్‌డీ లేకపోయినా పర్వాలేదు, మంజూరైన పోస్టుల్లో పది శాతం దాకా తీసుకోవచ్చు. విశాఖలో అలాంటివాళ్లకు కొదవా? నేవీలో కమ్యూనికేషన్లు, ఓడల కంట్రోల్ సిస్టమ్స్ చూసి రిటైరైనవాళ్లు ఎంవీపీ కాలనీలో పొద్దున్నే వాకింగ్ చేస్తూ కనబడతారు. రిఫైనరీలో డీసీఎస్ (ప్లాంటు మొత్తాన్ని నడిపే కంట్రోల్ వ్యవస్థ) నడిపినవాళ్లున్నారు. వీళ్లను అడిగేవాళ్లు లేరు. అడిగినా గెస్ట్ లెక్చరు ఇప్పించి, శాలువా కప్పి పంపేస్తారు. మా ఇంట్లో శాలువాలు బాగానే పోగయ్యాయి.

విశ్వవిద్యాలయాన్ని నడిపే మనిషికి సెక్యూరిటీ తెలిస్తే మొదట తెలిసేది సొంత ఇంట్లోనే. నాకు తెలిసిన కుర్రాడొకడు తను చదివే కాలేజీ రిజల్ట్స్ పేజీలో లోపం పట్టాడు. హాల్ టికెట్ నంబరులో ఒక అంకె మారిస్తే వేరేవాళ్ల ఫోన్ నంబర్లు, ఆధార్ వివరాలు వచ్చేస్తున్నాయి. వాడు ఎవరికీ పంచలేదు, వెళ్లి హెచ్‌వోడీకి చెప్పాడు. సాయంత్రానికి వాళ్ల నాన్నగారిని పిలిపించారు. పోలీసు కేసు పెడతామన్నారు. ఐటీ చట్టం 43, 66 సెక్షన్లు చూపించారు. మూడేళ్ల దాకా జైలు, అయిదు లక్షల దాకా జరిమానా అని చదివి వినిపించారు. వాడు నా దగ్గరికొచ్చి, "ఏటి సార్, మంచి చేద్దామని చెప్తే దొంగన్నారు" అన్నాడు. సైబర్ సెక్యూరిటీ బ్రాంచికి డబ్బు కట్టించుకునే కాలేజీలో ఇది జరగడం, గేటు దగ్గర వాచ్‌మన్‌ను పెట్టి పెరటి తలుపు తీసి ఉంచడం లాంటిది. పైగా తలుపు తీసుందని చెప్పినవాడికే బెత్తం దెబ్బ.

అనుమతి లేకుండా ఎవరి సిస్టమ్‌లోనూ వేలు పెట్టకూడదన్నది నిజమే. అందుకే అనుమతి ముందే ఇవ్వాలి. "మా సైట్లలో లోపం కనబడితే ఈ చిరునామాకు రాయండి, ఈ హద్దులు దాటకండి, మీ మీద చర్య ఉండదు" అని ఒక పేజీ చాలు. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ దేశం మొత్తానికి ఇలాంటి రిపోర్టులు తీసుకుంటోంది, 2021 నుంచి లోపాలకు అంతర్జాతీయ నంబర్లు కూడా ఇస్తోంది. ఒక కాలేజీకి ఏమడ్డం? పరువు అడ్డం. పరువు పోతుందన్న భయాన్ని పక్కన పెట్టగలిగేది పై కుర్చీలో ఉన్నవాళ్లే. నెల నెలా పాస్‌వర్డ్ మార్చమని సర్క్యులర్లు పంపే ఉత్సాహం దీని మీద చూపిస్తే బాగుండు. ఆ నెలనెలా మార్పు వద్దని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే చెప్పేసింది. మన సర్క్యులర్లకు ఆ కబురు ఇంకా అందలేదు.

ఇంకో సంగతి. 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టిన కాంబోడియా వ్యవహారం గుర్తుందా? డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి ఇక్కడి కుర్రాళ్లను తీసుకెళ్లి, పాస్‌పోర్టులు లాక్కుని, మనవాళ్లనే మోసం చేసే కాల్స్ చేయించారు. ఇంటి దగ్గర అప్పులు చేసి ఏజెంట్లకు డబ్బు కట్టి వెళ్లినవాళ్లు వాళ్లు. దాన్ని ఏ ఫైర్‌వాల్ ఆపుతుంది? అది సోషల్ వర్క్, లా, సైకాలజీ, ఎకనామిక్స్ విభాగాలు కలిసి చదవాల్సిన విషయం. తిరిగొచ్చినవాళ్లు మన మధ్యే ఉన్నారు. ఆ ముఠాలు ఎలా పనిచేస్తాయో లోపలి నుంచి చూసినవాళ్లు. వాళ్లు ఒప్పుకుంటే, వాళ్ల పేర్లు కాపాడుతూ, మర్యాదగా కూర్చోబెట్టి విని రాసుకున్న విశ్వవిద్యాలయానికి ఆ విషయంలో దేశంలో పోటీ ఉండదు. పోలీసులు కేసు రాసుకున్నారు, పేపర్లు వార్త రాసుకున్నాయి. విశ్వవిద్యాలయాలు కూడా రాసుకోవలసింది చాలా ఉంది.

వచ్చే బోర్డ్ ఆఫ్ స్టడీస్‌కు నేను ఒక కాగితం తయారుచేసుకున్నాను. చిన్న టెస్ట్‌బెడ్: ఒక నీళ్ల ట్యాంకు, ఒక పంపు, రెండు వాల్వులు, నీటిమట్టం చెప్పే ఒక లెవెల్ ట్రాన్స్‌మిటర్, ఒక పీఎల్‌సీ, దానికొక కంప్యూటర్. సీఎస్ఈ పిల్లలు, ఈఈఈ పిల్లలు జతగా పనిచేయాలి. ఒకళ్లు నీళ్లు పొర్లిపోయేలా చేయాలి, ఇంకొకళ్లు పంపు ఆపకుండా దాన్ని అడ్డుకోవాలి. కొత్త పీఎల్‌సీ కొనడం ఖర్చనుకుంటే, ఈ ఊరి ప్లాంట్లలో మార్చేసిన పాత పీఎల్‌సీలు స్క్రాప్ వేలంలో పోతుంటాయి. పాతవే మేలు కూడా, బయట ఇంకా నడుస్తున్నవి అవే కాబట్టి. వాటిని విద్య కోసం ఇప్పించమని ప్లాంటుకు లేఖ రాస్తే కాదంటారని అనుకోను. హెచ్‌వోడీకి ఫోన్ చేసి చెప్పాను. ఆయనకూ నచ్చింది. "కానీ సార్, ప్లాంటు వాళ్లకు లేఖ రాయాలంటే పైనుంచి వెళ్లాలి. సీఎస్ఈ నుంచి రాయాలా, ఈఈఈ నుంచి రాయాలా అని ప్రిన్సిపల్ గారు అడుగుతున్నారు" అన్నారు.